కడిగిన క్యారేజీ

పొద్దుటి ఎ షిఫ్టులో అన్నాల బెల్లు మోగగానే మిల్లు వెనక రేకుల షెడ్డులో నలభై క్యారేజీలు ఒక్కసారి విచ్చుకుంటాయి. ఆ రోజు మోజెస్ తన క్యారేజీ క్లిప్పు పైకెత్తాడో లేదో, ఎదురుగా కూర్చున్న ప్రేమ్‌కుమార్ మూత బోర్లించి దరువు అందుకున్నాడు.

"కడిగిన క్యారేజీ వచ్చింది ఇంటికీ
కడిగిన సెయ్యెవరిదే వదినా..."

షెడ్డంతా గొంతు కలిపింది. మోజెస్ పప్పు కలుపుకుంటూ తనూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకా పాడతారని. నవ్వినా పాడారు.

"ఒరే మోజెసూ, పంతొమ్మిదేళ్ళు మాకు తెల్దు కదరా! ఎవులా మనిసి?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"ఎవులూ లేరు. అన్నం తిననీ."

"నీకు తెల్దులే. మీ ఆవిడకి తెలుసు!"

మళ్ళీ నవ్వులు. మూల గోడకి ఆనుకుని అరిటాకు పొట్లం విప్పుకుంటున్న దాసు మాత్రం తలెత్తలేదు. ఆ సందడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, మోజెస్‌తో సహా.

సంగతేమిటంటే, ఊళ్ళో సినిమా తీస్తున్నారు. పేరు 'బి షిఫ్టు భాగోతం'. ఈ ఊరి కమలాంబగారి మనవరాలు శ్రీరంజని హైదరాబాదు నుంచి పదిహేను మందిని వేసుకుని దిగింది. చక్కెర మిల్లులో పనిచేసే మొగుడు, ఇంట్లో పెళ్ళాం, ఇంకో వీధిలో ఇంకొకావిడ, అంతా పాటల మీద, నవ్వుల మీద నడిచే కథ. పాటల్లో ఇక్కడి గొంతులే కావాలని ఆ అమ్మాయి నేరుగా చర్చికి వచ్చి క్వయిర్ ఆడవాళ్ళని అడిగింది. లెంటు ఉపవాసాల రోజుల్లో సినిమా పాటలేమిటని పాస్టరు గారు రెండు రోజులు తటపటాయించి, చివర్లో మొగుడికి బుద్ధి వస్తుందట కదా అని ఒప్పేసుకున్నారు. అలా మోజెస్ భార్య రెజీనా, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు మోజెస్ అక్కడ లేడు గానీ, ఊరంతా చెప్పగా విని చూసినంత అయింది. సినిమాలో పెళ్ళాం మొగుడి చొక్కా కాలరు మీద లిప్‌స్టిక్ మరక చూసి గుండె బాదుకోవాలి. అది చూసి క్వయిర్ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. మిల్లు చొక్కా మీద గ్రీజు మరకలే కనపడవు, ఇంక లిప్‌స్టిక్ ఎక్కడ కనపడుతుంది?

"మరి ఎలా తెలుస్తుంది ఆంటీ ఇక్కడ?" అని శ్రీరంజని నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

రెజీనాయే అందట: "క్యారేజీ కడిగి ఉంటాది."

అంతే అంది. పక్కనే ఉన్న దాసు భార్య స్వర్ణకుమారి బిందె నిండి పొర్లిపోతున్నా తియ్యలేదట. మగాడన్నవాడు తిన్న క్యారేజీ తిన్నట్టే మూత పెట్టి ఇంటికి తెస్తాడు. అది కడిగి వచ్చిందంటే ఎక్కడో ఒక ఆడ చెయ్యి పడ్డట్టే. అర్థమయ్యాక శ్రీరంజని ఎగిరి గంతేసి, లిప్‌స్టిక్‌ని కొట్టేసి, సాయంత్రానికి పాట రాయించేసింది. మర్నాటికి అది ప్రతి ఫోనులోనూ ఉంది. ఆ మాట ఇచ్చింది రెజీనా అన్న సంగతీ దాంతో పాటే ఊరంతా తిరిగింది. పెళ్ళానికి అంత కచ్చితంగా తెలిసిందంటే మొగుడు చేసే ఉంటాడు కదా. అందులో ఎవరికీ అనుమానం కలగలేదు.

నవ్వులతో పోతే బాగుండేది. కానీ ప్రతి ఆదివారం గుడి గంట కొట్టేది మోజెస్. వాళ్ళ నాన్న కొట్టాడు, ఆయన తర్వాత ఇతను. వచ్చే ఆదివారం నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల. ఇంకో ఇల్లు ఉందన్న మాట పుట్టినవాడికి సంఘ పెద్ద సత్యరాజు మాస్టారు రొట్టె ఇవ్వనివ్వరు, గంట తాడు ముట్టుకోనివ్వరు. ఇరవై ఏళ్ళలో ఇద్దరి విషయంలో అలా చేశారు కూడా.

అయినా మోజెస్‌ని తొలుస్తున్నది గంట కాదు. అతను ఈ జన్మలో ఒక్కసారి కూడా క్యారేజీ కడిగి ఇంటికి తేలేదు. కడిగిపెట్టేవాళ్ళూ లేరు, తనకి కడుక్కునే ఓపికా లేదు. ఎండిపోయిన మెతుకులతో తెస్తున్నందుకు రెజీనా పంతొమ్మిదేళ్ళుగా తిడుతూనే ఉంది. మరి ఆ మాట ఆమెకి ఎక్కణ్ణించి వచ్చింది?

మోజెస్ ఆయిల్‌మేన్. చెరుకు నలిపే రోలర్ల బేరింగులకి నూనె పోయడం, అవి కాగిపోకుండా చూసుకోవడం అతని పని. బేరింగు పాడయ్యే ముందు చిన్నగా గొంతు మారుస్తుంది. మిల్లు హోరులో అది పట్టుకోవడానికి మోజెస్ దగ్గర మూరెడు ఇనుప రాడ్డు ఉంది. ఒక కొస బేరింగుకి, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకుని వింటాడు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి మంచం మీద పడుకుని, కుట్టు మిషను తొక్కుతున్న రెజీనా మాటల్ని కూడా అలాగే విన్నాడు.

"ఆ మాట నీకెవులు సెప్పేరే?"

"ఏ మాట?"

"క్యారేజీ మాట."

మిషను ఆగలేదు. "ఎవులో అంటే విన్నాను."

"ఎవులు?"

"గుర్తులేదు. ఊళ్ళో అందరూ ఎర్రోళ్ళయిపోయేరు ఆ పాటకి. నువ్వు కూడానా? పడుకో."

మిషను ఆగలేదు గానీ చప్పుడు మారింది. జాకెట్టు చెయ్యి అయిపోయినా ఆగక, గీత దాటి చాలా దూరం గుడ్డ మీద కుట్టేసింది. తర్వాత కూర్చుని ఊడదీసుకుంది.

సాయంత్రం ఆమె పిండి మరకి వెళ్ళినప్పుడు మోజెస్ వంటింట్లోకి వెళ్ళి కడిగి పెట్టిన క్యారేజీ విప్పి చూశాడు. దొంగలా అనిపించింది. తన క్యారేజీయే అయినా అలాగే అనిపించింది. మూడు గిన్నెలూ తళతళలాడుతున్నాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో నిమ్మ తొక్క బోర్లించి ఉంది. రోజూ మూత తియ్యగానే వచ్చే ఆ వాసన స్టీలు వాసనో, కూర వాసనో అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

రెజీనా వచ్చేసరికి ఒక తొక్క చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"ఇదెందుకే?"

"రాత్రంతా ఉంటే నీసు వాసన పోతాది. పొద్దున్న తీసేసి అన్నం పెడతాను." ఆమె నవ్వబోయి ఆగింది. "పంతొమ్మిదేళ్ళకి ఇవేళ అడిగేవా?"

మర్నాడు షిఫ్టు దిగి మోజెస్ ఇంటికి పోకుండా షూటింగు జరుగుతున్న సందులోకి వెళ్ళాడు. వెళ్ళకూడదనే అనుకున్నాడు, కాళ్ళు వినలేదు. మొగుడి వేషం వేసిన కుర్రవాడు క్యారేజీ ఊపుకుంటూ గంతులు వేస్తున్నాడు. వాడి ఒంటి మీద ఖాకీ చొక్కా తనదే. కొత్త చొక్కా అయితే నాటకంలా ఉంటుందని సినిమావాళ్ళు ఇంటింటికీ తిరిగి పాతవి పోగు చేశారు, రెజీనా ఇది ఇచ్చింది. భుజం మీద ఆమె వేసిన నల్ల దారం రఫ్ఫు కూడా అలాగే ఉంది. చుట్టూ మూగిన జనం ఒకసారి ఆ కుర్రవాణ్ణీ, ఒకసారి మోజెస్‌నీ చూసి పొట్ట పట్టుకున్నారు.

శ్రీరంజని గొడుగు కింద చిన్న టీవీ ముందు కూర్చుని ఉంది. అతన్ని చూడగానే కుర్చీ వేయించింది. ఆ పిల్లకి ఊళ్ళో మాటలేమీ చెవిన పడ్డట్టు లేదు.

"కూర్చోండి అంకుల్! సినిమా మొత్తానికి ఆ లైనే ప్రాణం. ఆంటీకి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే."

మోజెస్ కూర్చున్నాడు. ఏమడగాలో తెలియక మనసులో ఉన్నదే అడిగేశాడు.

"కడిగిన ఆవిడ ఎవులమ్మా, సినిమాలో?"

"రెండో ఆవిడా? ఆమె మొహం చూపించం అంకుల్. చేతులు మాత్రమే."

"ఏం? ఎందుకని?"

"మొహం చూపిస్తే జనం ఆమె గురించి ఆలోచిస్తారు. ఆలోచిస్తే నవ్వరు. కామెడీ కదా." ఆ పిల్ల ఒక క్షణం తన మాట తనే విన్నట్టు ఆగింది. "మా హీరోయిన్ చేతులు మరీ మెత్తగా ఉన్నాయని ఆంటీనే అడిగాను. చూడండి, ఇప్పుడు తీస్తున్నాం."

టీవీలో రెండు చేతులు కనపడ్డాయి. చూపుడు వేలి కొసన సూది పోట్ల మచ్చలు, మణికట్టు దగ్గర గంజి కాలిన మచ్చ. మోజెస్ ఆ చేతుల్ని చీకట్లో కూడా పోల్చుకోగలడు. కానీ అవి క్యారేజీ కడగడం అతను ఏనాడూ చూడలేదు. ఆ వేళకి పడుకుని ఉంటాడు. చేతులు గిన్నెల్ని ఒక్కొక్కటే విడదీశాయి. వేళ్ళతో అంచు లోపలంతా చుట్టూ తిప్పి రుద్దాయి. నీళ్ళు పోసి, వంపి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ రుద్దాయి. తర్వాత కొంగుతో మూడింటినీ తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మూత పెట్టి, ఆ మూత మీద ఒక్క క్షణం అలాగే ఉండిపోయాయి. అలా ఉండమని ఎవరూ చెప్పినట్టు లేదు.

"కట్!" అంది శ్రీరంజని. "అబ్బ, ఎంత ప్రేమగా కడిగారు ఆంటీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. గోడ పక్కన పీట మీద కూర్చున్న రెజీనా తలెత్తింది. జనం మధ్య మోజెస్ కనపడ్డాడు. ఆమె తడి చేతులు తుడుచుకోవడం మర్చిపోయింది.

మోజెస్ లేచి వచ్చేశాడు. నిమ్మ తొక్క పెట్టలేదు కదా అని దారి పొడుగునా అదే ఆలోచన. సినిమా కదా, వాళ్ళు ఇచ్చి ఉండరు అని సర్దిచెప్పుకున్నాడు. అయినా అదే ఆలోచన.

శుక్రవారం అన్నాల బెల్లు మోగింది. ప్రేమ్‌కుమార్ దరువు మొదలైంది, పాట లేచింది. ఈసారి మోజెస్ తినకుండా షెడ్డు మొత్తం చెవికి ఆనించుకున్నట్టు కూర్చున్నాడు. నలభై మందిలో పాడని గొంతు ఒక్కటే ఉంది. దాసు తలవంచుకుని గబగబా తింటున్నాడు. అరిటాకు, మీద న్యూస్‌పేపరు, పైన పురికొస. దాసు ఫిట్టరు, మంచి జీతం. అలాంటివాడికి ఆకు పొట్లమేమిటని మొదట్లో అందరూ ఏడిపించారు. ఆకులో తింటే రుచి అనేవాడు. తినేశాక ఆకూ కాగితమూ బాయిలరు పొయ్యిలో పడేసి ఉత్త చేతులతో ఇంటికి పోయేవాడు.

ఉత్త చేతులతో. మోజెస్ చేతిలో ముద్ద ఆగిపోయింది.

అందరూ లేచాక దాసు పక్కన వెళ్ళి కూర్చున్నాడు.

"ఒరే దాసూ, నీకు క్యారేజీ ఉండేది కదరా. నాలుగు గిన్నెలది."

"ఉండేది బావా."

"ఏటయింది?"

"మా స్వర్ణ పాత సామాన్లోడికి వేసేసింది."

"ఎప్పుడు?"

దాసు ఆకు మడతపెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "మూడు చెరుకు సీజన్లయింది."

"బాగానే ఉండేది కదా. ఎందుకు వేసేసింది?"

దాసు దెబ్బ పడబోతోందని తెలిసినవాడిలా భుజాలు దగ్గరికి లాక్కుని అలా కూర్చున్నాడు. మూడు సీజన్ల కిందట ఇద్దరి షిఫ్టులూ ఎదురెదురు. మధ్యాహ్నం రెండింటికి మోజెస్ గేటు లోపలికి వెళ్తుంటే దాసు ఖాళీ క్యారేజీ పట్టుకుని బయటికి వచ్చేవాడు. 'వస్తాను బావా' అనేవాడు. తను మిల్లులో ఉన్న ఆ వేళల్లో వాడు ఎక్కడికి వెళ్ళేవాడో, ఆ క్యారేజీ ఎవరు కడిగేవారో, కడిగిన క్యారేజీ చూసి స్వర్ణకుమారి ఏం అర్థం చేసుకుందో, ఇంక కడగడానికి ఏమీ మిగలకుండా మొగుడికి ఆకులో ఎందుకు కట్టడం మొదలుపెట్టిందో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మోజెస్ ముందు నిలబడ్డాయి.

కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? చేతిలో ఇనుప రాడ్డు ఉంది. దాసు మెడ వంచే ఉంది. మోజెస్ లేచి నిలబడి, మిల్లులోకి వెళ్ళి, రెండో రోలరు బేరింగుకి రాడ్డు ఆనించి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. ఏమీ వినపడలేదు. చెవిలో తన రక్తమే హోరెత్తుతోంది.

ఆ సాయంత్రం అయిదింటికి సత్యరాజు మాస్టారు వచ్చారు. చెప్పులు విప్పి, చేతికర్ర గోడకి ఆనించి, ఇచ్చిన మంచినీళ్ళు సగం తాగి గ్లాసు కింద పెట్టారు. రెజీనా తెర వెనక గదిలో మిషను తొక్కుతోంది.

"బాబూ మోజెసూ, ఎల్లుండి బల్ల ఉంది. నేను ఆ సినిమా పాటలూ అవీ పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ సంఘం అడుగుతోంది. అబద్ధం అని నువ్వొక్క మాట సెప్పు చాలు. అందరి నోళ్ళూ నేను మూయించేస్తాను."

అబద్ధమే. అనేస్తే సరిపోతుంది. మోజెస్ నోరు తెరిచాడు కూడా. అప్పుడు మాస్టారి కళ్ళు తెర వైపు వెళ్ళాయి. నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఇతను చెయ్యలేదంటే ఆ మాట ఆవిడకి ఎలా తెలిసింది అన్న రెండో ప్రశ్న ఆయన నాలుక చివరే ఉంది. ఆ ప్రశ్న అడిగితే ఊళ్ళో మొహం లేని ఆ రెండు చేతులకీ మొహం వస్తుంది. ఈ వారం రోజులూ తను పడ్డది ఆమె పడుతుంది. తనని చూసి నవ్వారు. ఆమెని చూసి నవ్వరు, ఉమ్మేస్తారు. మగాడి తప్పుకి పాట కట్టిన ఊరు ఆడదాని తప్పుకి ఏం కడుతుందో మోజెస్‌కి తెలియంది కాదు. పోనీ అనిపించింది ఒక్క క్షణం. అనిపించలేదంటే అబద్ధం. కానీ తెర వెనక మిషను అంత నెమ్మదిగా తొక్కడం అతను ఎప్పుడూ వినలేదు.

"తెచ్చేను మాస్టారూ," అన్నాడు.

"ఏటి తెచ్చేవు?"

"కడిగిన క్యారేజీ."

మాస్టారు కళ్ళజోడు తీశారు. "ఎన్నాళ్ళు?"

"ఒక్క సీజను. మూడేళ్ళ కిందట. ఇప్పుడేటీ లేదు."

మిషను ఆగిపోయింది.

మాస్టారు చాలాసేపు ప్రార్థన చేశారు. ఆరు నెలలు బల్లకి దూరం. గంట ప్రేమ్‌కుమార్ కొడతాడు. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "రెజీనమ్మా, నువ్వు మంచి ఓర్పుగల మనిషివి తల్లీ," అన్నారు తెర వైపు చూస్తూ.

ఆ రాత్రీ, మర్నాడూ అన్నం పెట్టింది, తిన్నాడు. కంచం ముందు నుంచి ఆమె లేవలేదు, అతను లేవమనలేదు.

ఆదివారం గంట వంకరగా మోగింది. ప్రేమ్‌కుమార్‌కి తాడు వదలడం తెలియదు, లాగడమే తెలుసు. మోజెస్ చివరి బెంచీలో కూర్చుని ఒక్కో దెబ్బకీ అరచేతులు నలుపుకున్నాడు. రొట్టె, ద్రాక్షరసం ముందుగా క్వయిర్‌కి ఇస్తారు. తెల్ల చీరల్లో ఆడవాళ్ళు వరసగా లేచారు. రెజీనా లేచి, బల్ల వైపు కాకుండా మెట్లు దిగి, అందరి మధ్యనుంచి నడిచి వచ్చి, ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చుంది. అతనికీ ఆమెకీ మధ్య నడవ మాత్రమే ఉంది.

గుడంతా వెనక్కి తిరిగి చూసింది. ఎంత మంచిదో చూడు, మొగుడు తినని రొట్టె తనూ ముట్టలేదు అని ఎవరో ముసలావిడ పైకే అంది. రెజీనా మొహం గోడలా ఉంది. బల్ల దగ్గరనుంచి తిరిగి వస్తూ స్వర్ణకుమారి ఆ నడవలో ఒక్క క్షణం ఆగింది. రెజీనాని చూడలేదు, మోజెస్‌ని చూసింది. అతను చెయ్యలేదని ఆ గుడిలో తెలిసినవాళ్ళు కొద్దిమందే, అందులో ఆమె ఒకతె. ఏదో అనబోయి, అనకుండా వెళ్ళి మొగుడి వరసకి ఎదురుగా కూర్చుంది.

ఇంటికి వెళ్ళే దారిలో చెరుకు లారీలు ఆగి ఉన్నాయి. వాటి నీడలో ముందు అతను, నాలుగు అడుగుల వెనక ఆమె నడుస్తున్నారు. అతను ఆగాడు. ఆమె కూడా ఆగింది. ఇప్పుడు అడుగుతాడు, ఎందుకు చేశావని అడుగుతాడు అని ఆమె గుండె దిటవు చేసుకుంది. ఆ ఎందుకన్నది మూడేళ్ళు వెతికినా ఆమెకే దొరకలేదు.

"ఆడి క్యారేజీలో కూడా పెట్టేదానివేటి?" అన్నాడు మోజెస్.

"ఏటి?"

"నిమ్మ తొక్క."

రెజీనాకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదు," అంది. "కడిగి తుడిచి ఇచ్చేసేదాన్ని. అది... మనింటి క్యారేజీకే."

మోజెస్ తలూపాడు. నమ్మాడో లేదో అతనికే తెలియదు. కానీ వారం రోజులుగా తెలుసుకుందామనుకున్నది అదేనని మాత్రం అడిగాక తెలిసింది. నాలుగు అడుగుల దూరం అలాగే ఉంచుకుని ఇద్దరూ ఇంటికి నడిచారు.

సోమవారం క్యారేజీలో చేపల పులుసు వచ్చింది. అన్నాల బెల్లుకి షెడ్డంతా పాట ఎత్తుకుంది, ఇప్పుడు ఒప్పుకున్నవాడు కాబట్టి ఇంకా గట్టిగా. మోజెస్ పులుసంతా తినేసి, గిన్నెలు పట్టుకుని చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ప్రేమ్‌కుమార్ వెనకనుంచి కేకేశాడు.

"అదీ కడిగీరా మోజెసూ! అలవాటేగా నీకు!"

అందరూ నవ్వారు. మోజెస్ చెయ్యి మాత్రం కడుక్కున్నాడు. ముళ్ళూ మెతుకులూ ఉన్న గిన్నెలు ఉన్నట్టే ఒకదాని మీద ఒకటి పేర్చి, మూత పెట్టి, క్లిప్పు గట్టిగా నొక్కాడు.